ఇంకో ఎన్‌సీసీ కథ

సావనీర్ కమిటీ మిత్రుడు ఫోన్ చేసి, "బడి రోజుల గురించి ఏదైనా రాయరా, నువ్వు ఎన్‌సీసీలో కూడా ఉన్నావుగా" అన్నాడు. రాస్తానన్నాను. ఎన్‌సీసీ గురించే రాస్తున్నాను. అయితే ఆదివారం పొద్దున్నే గంజి పెట్టిన ఖాకీ నిక్కరు వేసుకుని మనం పరుగెత్తుకొచ్చిన ఎన్‌సీసీ కాదిది. పరేడు అయ్యాక విస్తరాకులో పెట్టే పూరీ కూర గురించి చదువుదామనుకున్న వాళ్ళు నన్ను మన్నించాలి.

ఇది నార్త్ సెంట్రల్ కాన్ఫరెన్స్. అక్కడి వాళ్ళు కూడా ముద్దుగా ఎన్‌సీసీ అనే పిలిచేవారు. అమెరికా ఉత్తర మైదానాల్లోని కొన్ని చిన్న కళాశాలలు కలిసి 1922లో పెట్టుకున్న ఆటల కూటమి. 2008లో మూతపడింది. దాని కథకు మన స్వర్ణోత్సవ సంచికలో చోటెందుకో చివర్లో చెబుతాను. 1985కి ముందు మన బడిలో చదివిన వాళ్ళు, ముఖ్యంగా వాలీబాల్ కోర్టు చుట్టూ తిరిగిన వాళ్ళు, మధ్యలోనే పట్టేస్తారు.

1992 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి నేను ఫార్గో వెళ్ళాను. నార్త్ డకోటా రాష్ట్రంలో పెద్ద ఊరు అదే. విశ్వవిద్యాలయం పేరు నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ. 1960 దాకా దాని పేరు వ్యవసాయ కళాశాలే. మన బాపట్ల, రాజేంద్రనగర్ లాంటి చోటు అనుకోండి. చుట్టూ గోధుమ, సన్‌ఫ్లవర్, చక్కెర దుంప. కనుచూపు మేర బల్లపరుపు నేల. అక్టోబరు వచ్చేసరికి మన వాళ్ళెవరూ ఊహించలేని చలి. మా ల్యాబ్‌లో టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు, అరవై దాటిన మనిషి. నేను కొన్న కోటు చూసి తల అడ్డంగా ఊపి, మర్నాడు తన పాత కోటు తెచ్చి ఇచ్చాడు. ఆ కోటు వేయించి శనివారం నన్ను డకోటా ఫీల్డ్‌కు తీసుకెళ్ళాడు. నా జీవితంలో చూసిన మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అది.

మొదటి అరగంట నాకేమీ అర్థం కాలేదు. పేరు ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరుగెత్తేది ఎక్కువ. బంతి తాటికాయలా కాకుండా ఖర్జూర పండులా ఉంటుంది. వైపుకి పదకొండు మంది. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. పోతే మళ్ళీ నాలుగు, పోకపోతే బంతి ఎదుటి వాడిది. మన కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి ఎలా చుట్టేస్తామో అలా చుట్టేసి కింద పడేస్తారు. అది తెలిశాక ఆట తేలికైపోయింది.

ఆట కన్నా నన్ను ఆకట్టుకున్నది ఆయన చెప్పిన దారి కథ. ఇంటర్‌స్టేట్ 29 అని ఒక రహదారి ఉంది. కెనడా సరిహద్దు నుంచి తిన్నగా దక్షిణానికి దిగుతుంది. దాని మీద, లేదా దానికి కూతవేటు దూరంలో, వరసగా గ్రాండ్ ఫోర్క్స్, ఫార్గో, బ్రూకింగ్స్, సూ ఫాల్స్, వెర్మిలియన్, సూ సిటీ, ఒమాహా. ప్రతి ఊళ్ళో ఒక కళాశాల. అన్నీ ఎన్‌సీసీ వాళ్ళవే. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒంగోలు, గుంటూరు, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి వరసగా ఉన్నట్టు. శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే శనివారం ఆట, రాత్రికి ఇల్లు. సివిల్ ఇంజనీరుగా నాకు ఆ పటం చూడగానే విషయం బోధపడింది. ఆ కూటమికి వెన్నెముక ఆ రోడ్డే.

మొదట్లో ఆ రోడ్డు లేదు, రైలే. 1922లో చేరిన వాళ్ళలో నార్త్ డకోటా, సౌత్ డకోటా రాష్ట్రాల నాలుగు ప్రభుత్వ సంస్థలు, వాటితో పాటు మార్నింగ్‌సైడ్, క్రేటన్, నెబ్రాస్కా వెస్లియన్, సెయింట్ థామస్, డెమోయిన్ లాంటి ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. కాన్ఫరెన్స్ అంటే పెద్ద మాటే గాని, ఉద్దేశం చిన్నది. ఎవరితో ఎప్పుడు ఆడాలో ఏటా బతిమాలుకోకుండా ముందే అనుకోవడం, ఎవరిని ఆడించవచ్చో ఒకే రూలు పెట్టుకోవడం, ఖర్చు తగ్గించుకోవడం. మార్నింగ్‌సైడ్ తప్ప ప్రైవేటు వాళ్ళు ఎక్కువ కాలం నిలవలేదు. డెమోయిన్ విశ్వవిద్యాలయమైతే మతపరమైన గొడవల్లో 1929లో పూర్తిగా మూతే పడింది. క్రేటన్ పెద్ద కూటమికి వెళ్ళి, 1940ల్లో ఫుట్‌బాల్ ఆటే మానేసింది. ఇది గుర్తుంచుకోండి. వెళ్ళిపోవడం అనేది ఎన్‌సీసీలో మొదటి పదేళ్ళలోనే మొదలైంది. అయినా కూటమి చావలేదు. ఎందుకంటే డకోటా నలుగురూ కదల్లేదు.

ఈ నలుగురి మధ్య పోటీ ఎలాంటిదంటే, నార్త్ డకోటా విశ్వవిద్యాలయం ఉన్న గ్రాండ్ ఫోర్క్స్ ఫార్గోకు నూట ఇరవై, నూట ముప్ఫై కిలోమీటర్లు. ఒకే రాష్ట్రం, ఒకే బడ్జెట్, ఒకరికి లా కాలేజీ ఉందని ఇంకొకరికి కోపం. 1938 నుంచి ఈ ఇద్దరి ఆటకు ఒక బహుమతి పెట్టారు. అమెరికాలో అయిదు సెంట్ల నాణెం మీద అప్పట్లో ఒకవైపు ఆదివాసి యోధుడి తల, రెండోవైపు అడవి దున్న ఉండేవి. గ్రాండ్ ఫోర్క్స్ జట్టు పేరు సూ తెగ మీద పెట్టుకున్నది, ఫార్గో జట్టు పేరు బైసన్, అంటే అడవి దున్న. ఇంకేం, ఆ నాణేన్నే 34 కిలోల బరువుతో పోత పోయించి నికెల్ ట్రోఫీ అన్నారు. తమాషా ఏమిటంటే అసలు నాణెం ముద్రించడం ఆ 1938లోనే ఆపేశారు. ఈ ట్రోఫీని విద్యార్థులు ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎన్నిసార్లు దొంగిలించారో లెక్క లేదు. మా టెక్నీషియన్ ఆ కథలు చెప్పేటప్పుడు అరవై దాటిన మనిషిలా ఉండేవాడు కాదు.

ఇక్కడ ఇంజనీరుగా ఒక పక్కమాట చెప్పుకోనివ్వండి. ఈ చలి దేశంలో ఆటను గోడల మధ్యకు తెచ్చిన తీరు నాకు చాలా ఇష్టం. అప్పట్లో ఎన్‌సీసీలోనే ఉన్న నార్తర్న్ అయోవా 1976లో, వెర్మిలియన్‌లోని సౌత్ డకోటా విశ్వవిద్యాలయం 1979లో కప్పు ఉన్న స్టేడియాలు కట్టాయి. ఆ కప్పులకు స్తంభాలు లేవు, ఉక్కు దూలాలు లేవు. గుడ్డ లాంటి పొరను లోపలి గాలి ఒత్తిడితో నిలబెట్టారు. లోపల గాలి బయటి కన్నా కొంచెం ఎక్కువ ఒత్తిడిలో ఉండాలి, అందుకే తలుపులు తిరిగే తలుపులు. పంకాలు ఆగితే కప్పు కిందికి దిగుతుంది. మంచు పేరుకుంటే ఆ బరువు ఇంకో గొడవ. వెర్మిలియన్ వాళ్ళు చివరికి 2001లో ఉక్కు కప్పు వేసుకున్నారు. ఫార్గో ప్రజలు ఓటు వేసి, అర శాతం అమ్మకం పన్ను తమ మీద తామే వేసుకుని గట్టి కప్పుతో ఫార్గోడోమ్ కట్టించుకున్నారు. పంతొమ్మిది వేల మంది పట్టే కట్టడం. 1992 డిసెంబరులో తెరిచారు. మరుసటి ఏడు జట్టు అందులోకి మారింది. అంటే బైసన్ జట్టు ఆరుబయట ఆడిన ఆఖరి ఏడు నేను చూశాను, అప్పు తెచ్చుకున్న కోటులో.

డోమ్‌లోకి వెళ్ళాక చలి పోయింది. ఇంకొకటి కూడా పోవడం మొదలైందని తర్వాత తెలిసింది. పంతొమ్మిది వేల మంది కూర్చునే ఇల్లు కట్టుకున్నవాడు, రెండు వేల మంది చదివే కళాశాలతో ఆడడం చాలనుకోడు.

దీనికి ముందు విభజన సంగతి చెప్పాలి. అమెరికా కళాశాల క్రీడల సంస్థ 1973లో కళాశాలలను మూడు డివిజన్లుగా చేసింది. ఎన్‌సీసీ డివిజన్ 2లో పడింది. ప్రధానమైన తేడా క్రీడాకారులకిచ్చే స్కాలర్‌షిప్పులది. నేనున్న రోజుల్లో డివిజన్ 2 ఫుట్‌బాల్ జట్టు మొత్తం మీద 36 పూర్తి స్కాలర్‌షిప్పులకు మించి ఇవ్వకూడదు. డివిజన్ 1లో కింది మెట్టున 63, పై మెట్టున 85. ఎన్‌సీసీ ఆ డివిజన్ 2లో దేశాన్ని ఏలింది. 1983, 1985, 1986, 1988, 1990లో ఫార్గో జట్టు డివిజన్ 2 జాతీయ విజేత. 1986 ఫైనల్లో వాళ్ళు ఓడించింది ఎవరిని? వెర్మిలియన్ జట్టునే, 27-7తో. దేశమంతా పోటీ పడితే చివరికి మిగిలింది ఒకే రోడ్డు మీది ఇద్దరు పొరుగువాళ్ళు. తర్వాత 1996, 1997లో నార్తర్న్ కొలరాడో, 2001లో గ్రాండ్ ఫోర్క్స్. పంతొమ్మిదేళ్ళలో ఎనిమిది జాతీయ టైటిళ్ళు ఒక్క కూటమివి. బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకు ఫిల్ జాక్సన్ పేరు తెలిసే ఉంటుంది, కోచ్‌గా 11 ఎన్‌బీఏ టైటిళ్ళు గెలిచిన మనిషి. ఆయన కళాశాల ఆట కూడా గ్రాండ్ ఫోర్క్స్‌లోనే, ఈ ఎన్‌సీసీలోనే.

అంత గెలుస్తున్న కూటమి ఎలా పడిపోయింది? నేను చాలాకాలం బలహీనులు మోయలేక వదిలేసి ఉంటారనుకున్నాను. లెక్క తీస్తే అది తిరగబడింది.

1978లో నార్తర్న్ అయోవా ఎన్‌సీసీ వదిలి, తర్వాత డివిజన్ 1కు వెళ్ళింది. అప్పటికి అదొక్కటే. ఆ తర్వాత పాతికేళ్ళలో డకోటా విశ్వవిద్యాలయాలు పెరిగాయి. పరిశోధనలో, విద్యార్థుల సంఖ్యలో తమను పోల్చుకునేది మోంటానా లాంటి పక్క రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో. వాళ్ళందరూ డివిజన్ 1లో ఉన్నారు. టీవీలో ఆటల ఫలితాలు చదివేటప్పుడు మన పేరు రాదేం అన్న బాధ చిన్నది కాదు. పూర్వ విద్యార్థులు గట్టిగా అడిగారు, చందాలు ఇస్తామన్నారు. 2002లో ఫార్గో ప్రకటించింది, దాని వెంటే బ్రూకింగ్స్. 2003లో నార్తర్న్ కొలరాడో వెళ్ళింది, 2004లో ఆ ఇద్దరు. దాదాపు అదే సమయంలో మార్నింగ్‌సైడ్ ఎదుటి దారి పట్టింది. ఈ పెద్దవాళ్ళతో మేం తూగలేమని చిన్న కళాశాలల సంఘంలోకి దిగింది. 1922 నుంచి ఉన్న ఇల్లు వదిలి.

మిగిలిన వాళ్ళు జట్లు సరిపోక ఫుట్‌బాల్‌కు మాత్రం పసిఫిక్ తీరం వైపున్న వాషింగ్టన్ రాష్ట్రం నుంచి రెండు కళాశాలలను తెచ్చుకున్నారు. బస్సు పోయి విమానం వచ్చింది. ఆ ఏడే నాకు అర్థమై ఉండాల్సింది. 2006లో గ్రాండ్ ఫోర్క్స్ కూడా వెళ్తానంది. ఆ ఏడు నవంబరులో వెర్మిలియన్. అంతే, మిగిలిన వాళ్ళు కూర్చుని 2007-08 విద్యాసంవత్సరంతో దుకాణం మూసేద్దామని తీర్మానించుకున్నారు. ఎనభై ఆరేళ్ళ కూటమికి ఒక పత్రికా ప్రకటన.

పైకి వెళ్ళినవాళ్ళు తప్పు చేశారా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అంకెలు వాళ్ళ వైపే ఉన్నాయి. మారిన మొదటి ఏళ్ళలో నిబంధనల ప్రకారం వాళ్ళకు జాతీయ పోటీకి అర్హత లేదు. 2007లో ఫార్గో జట్టు మిన్నెసోటా విశ్వవిద్యాలయాన్ని, అంటే 85 స్కాలర్‌షిప్పుల వాణ్ణి, ఓడించి కూడా ఇంట్లో కూర్చుంది. ఆ తర్వాత చూడండి. 2011 నుంచి 2024 వరకు పద్నాలుగు సీజన్లలో డివిజన్ 1 కింది మెట్టు టైటిల్ పదిసార్లు ఫార్గోది, రెండుసార్లు బ్రూకింగ్స్‌ది. 2022 సీజన్ ఫైనల్ ఆ ఇద్దరి మధ్యే, బ్రూకింగ్స్ 45-21తో గెలిచింది. కిందికి దిగిన మార్నింగ్‌సైడ్‌కు కూడా మేలే జరిగింది, తన సంఘంలో 2018, 2019, 2021లో జాతీయ విజేత. అందరికీ కాదు. ఒమాహా 2011లో డివిజన్ 1కు వెళ్తూ ఖర్చు భరించలేమని ఫుట్‌బాల్‌నీ, కుస్తీనీ ఎత్తేసింది. ఆ కుస్తీ జట్టు అప్పుడే జాతీయ టైటిల్ గెలిచి ఇంకా ఇల్లు కూడా చేరలేదు. సెయింట్ క్లౌడ్ 2019లో ఫుట్‌బాల్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

అయితే నా మనసులో నిలిచింది టైటిళ్ళు కాదు, ఒక ఖాళీ. ఫార్గో, గ్రాండ్ ఫోర్క్స్ మధ్య ఆట 2003 తర్వాత ఆగిపోయింది. ఎన్‌సీసీలో ఉన్నంతకాలం ఆ ఆట ఎవరూ అడగాల్సిన పని లేకుండా జరిగేది. కూటమి లేకపోయేసరికి ఇద్దరు పెద్దమనుషులు ఒప్పుకుంటేనే ఆట. ఒప్పుకోలేదు. పన్నెండేళ్ళు! గంటన్నర దూరంలో ఉన్నవాళ్ళు. మళ్ళీ 2015లో ఫార్గోలో ఆడారు, నికెల్ ట్రోఫీ లేకుండానే. మా టెక్నీషియన్ ఆ ఆట చూడలేదు. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు.

ఫార్గో, బ్రూకింగ్స్ వాళ్ళు తెలివైనవాళ్ళు. వెళ్ళేటప్పుడు కలిసే వెళ్ళారు, ఏటా ఆడాలని పట్టుబట్టారు, 2004లో కొత్త బహుమతి కూడా పెట్టుకున్నారు. నార్త్, సౌత్ డకోటాల సరిహద్దు మీద 1891-92లో సర్వే వాళ్ళు అర మైలుకొకటి చొప్పున 720 రాళ్ళు పాతారు, క్వార్ట్‌జైట్ రాయి, నిలువెత్తు. దాని నమూనాయే ఆ బహుమతి, డకోటా మార్కర్. థియోడలైట్ మోసిన నాలాంటివాడికి నాణెం కన్నా ఇదే ముద్దు.

2020లో గ్రాండ్ ఫోర్క్స్ జట్టు మిస్సోరీ వ్యాలీ ఫుట్‌బాల్ కూటమిలో చేరింది. పేర్లు చదువుతుంటే నవ్వొచ్చింది. ఫార్గో, బ్రూకింగ్స్, వెర్మిలియన్, గ్రాండ్ ఫోర్క్స్, ఆపైన 1978లో మొదట వెళ్ళిన నార్తర్న్ అయోవా. ఎన్‌సీసీ వదిలి వేరువేరు దారుల్లో వెళ్ళిన అయిదుగురూ ఇంకో పేరు కింద ఒక్కచోట. ఇంటర్‌స్టేట్ 29 మాత్రం అక్కడే ఉంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నాలుగు బళ్ళ కప్పు మీలో ఎంతమందికి గుర్తుంది? మన బడి, మునిసిపల్ హైస్కూలు, మిషన్ స్కూలు, పక్కూరి జిల్లా పరిషత్ హైస్కూలు. సంక్రాంతి సెలవుల ముందు మూడు రోజులు వాలీబాల్. రైసుమిల్లు యజమాని ఇచ్చిన వెండి పూత కప్పు. చివరి నాలుగేళ్ళూ మనమే గెలిచాం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇంక ఈ స్థాయి మనకు తగదు, జిల్లా పోటీల మీదే దృష్టి పెడదామని మన బడి ఆ టోర్నమెంటు నుంచి తప్పుకుంది. ప్రార్థన సమావేశంలో ఆ మాట ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేను ముందున్నాను. జిల్లా పోటీల్లో మనం రెండో రౌండు దాటలేదు, అది వేరే సంగతి.

పదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మునిసిపల్ స్కూలు డ్రిల్లు మాస్టారు సైకిల్ మీద మన గ్రౌండుకు వచ్చారు. నేను బంతికి గాలి కొడుతున్నాను. టోర్నమెంటు వద్దులెండి, ఒక్క ఆట ఆడదాం, పిల్లలు అడుగుతున్నారు అన్నారు. మన మాస్టారు తల దించుకుని, నా చేతుల్లో లేదండీ అన్నారు. ఆయన సైకిల్ స్టాండు తీసి, నా వైపు చూసి, "గాలి ఎక్కువైందిరా అబ్బాయ్" అని వెళ్ళిపోయారు. మిగిలిన మూడు బళ్ళూ ఇంకో రెండేళ్ళు లాక్కొచ్చి ఆపేశాయి.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కప్పు చూశాను. ఆఫీసు గదిలో బీరువా మీద, పాత రిజిస్టర్ల వెనక ఉంది. పీఠం చుట్టూ చెక్కిన పేర్లలో చివరిది 1984, మనదే. ఆ పక్కన ఇంకో ఆరు పేర్లకు చోటుంది. మిషన్ స్కూలు ఇప్పుడు లేదు. మిగతా రెండు బళ్ళకూ వెళ్ళి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను. ఇద్దరూ ఈ టోర్నమెంటు పేరు విననివాళ్ళే గాని, జనవరి 10, 11 తేదీలైతే మాకు వీలవుతుందన్నారు. నెట్టు, బంతులు, రెండు రోజుల భోజనాలు మా 1985 బ్యాచి చూసుకుంటుంది. జట్టును పంపమని మన బడి తరఫున ఉత్తరం మాత్రం సంఘమే రాయాలి, ఎందుకంటే అప్పుడు తప్పుకున్నది మనమే.